లేచి వెళ్లడం కూడా ఉద్యోగమే

నేను చేసిన ఉద్యోగం ఇప్పుడు లేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో, తార్నాక వైపు, ఒక పొడుగాటి గదిలో మా టెలిఫోన్ ఎక్స్చేంజి ఉండేది. బయటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు మా చెవిలోనే మోగేది. మేం తీగ లాగి, దాని చివరనున్న ప్లగ్గును సరైన రంధ్రంలో గుచ్చితేనే ఆ మాట ఆఫీసుకో హాస్టలుకో చేరేది. ఆ బోర్డును ఎప్పుడో పీకేశారు. అయినా ఇది రాయడానికి కూర్చుంటే నా చేతివేళ్లు ఇప్పటికీ తీగల కోసం వెతుకుతున్నాయి!

కస్టమర్ కేర్‌లో, అంబులెన్స్ కంట్రోల్ రూముల్లో, హెల్ప్‌లైన్లలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బోర్డు పోయింది కానీ పని పోలేదు. చెవికి ఒక యంత్రం తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల తొందర రోజంతా వినడమే ఆ పని. నేను సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఎలా అయ్యానో చెప్పను, అందులో మీరు నేర్చుకోవలసిందేమీ లేదు. పనిలో కాలిపోతున్న మనిషిని ఎలా గుర్తుపట్టాలో, ఆ మనిషిని కుర్చీలోంచి ఎలా లేపాలో మాత్రం చెబుతాను. చేరిన మొదటి సంవత్సరమే, అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్నప్పుడు నాకది తెలిసింది.

మూడు మాటలు చాలు

నేను మహా సిగ్గరిని. దుకాణంలో సబ్బు అడగాలన్నా ఎవరో ఒకరి వెనక నిలబడేదాన్ని. లాలాపేట్‌లో మా మేనమామ ఇంట్లో ఉంటూ, అద్దెకు తెచ్చిన నవలలు చదువుకుంటూ, రాత్రి డైరీలో నాలుగు ముక్కలు రాసుకుంటూ బతికేదాన్ని. టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చిందని చెబితే మామయ్య పడీ పడీ నవ్వాడు.

"నువ్వు? ఫోన్ల మాట్లాడ్తవా? ఇంటికి సుట్టపోడొస్తే వంటింట్ల జొరబడ్తవ్ గదనే!"

ఆయనకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ ఉద్యోగం సిగ్గరుల కోసమే పుట్టింది. మొహం కనబడదు. "నంబర్ ప్లీజ్", "ఇస్తున్నాను", "ఎంగేజ్డ్". ఈ మూడు మాటలు వస్తే చాలు. నాలుగో మాట మాట్లాడకూడదని రూలు కూడా ఉంది! మొదటి రోజు ఇంటికి వెళ్తూ ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాట్లాడకూడదని చెప్పి జీతమిచ్చే చోటు లోకంలో ఇంకెక్కడుంటుంది?

బోర్డు ముందు రెండు కుర్చీలుండేవి. ఒకటి క్యాంపస్ లోపలి ఫోన్లకు, అది నాది. రెండోది బయటి ఫోన్లకు, జిల్లాల నుంచి వచ్చే ట్రంక్ కాల్స్‌కు, అది సరోజక్కది. గోల్నాక నుంచి వచ్చేది. గలగలా మాట్లాడే మనిషి. హెడ్‌సెట్ పెట్టుకుంటే మాత్రం తేనె పూసినట్టుండే గొంతు. వెనక బల్ల దగ్గర సూపర్‌వైజర్ సుభద్ర గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. బయట జై తెలంగాణ నినాదాలు మిన్నంటుతుంటే ఆవిడ గొడుగు చాటున నడిచి వచ్చి కూర్చునేది.

"మేడం, మా రాష్ట్రం మాకొస్తే మీ కుర్చీ నాకే," అనేది సరోజక్క.

"ఇప్పుడే తీసుకోవే తల్లీ, పుణ్యముంటుంది. ఈ కుర్చీకి నల్లులు కూడానూ," అనేది ఆవిడ.

ఊరంతా రెండుగా చీలిన రోజుల్లో ఆ గదిలో గాలి అలా ఆడింది. తరువాత జరిగిన మంచికి సగం కారణం అదే.

మాలో ఒక మాట ఉండేది: "బోర్డెక్కింది". పిచ్చెక్కడం లాగా. ఒకమ్మాయి బస్సులో గంట వినబడగానే తీగ కోసం చెయ్యి చాస్తే, "దీనికి బోర్డెక్కిందే!" అని నవ్వేవాళ్లం. కూర్చున్న కుర్చీలోంచి టైముకు ముందు లేచిన వాళ్లు మిగతావాళ్లకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాలని ఇంకో ఆనవాయితీ. అందుకని తలనొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఎవరూ లేచేవాళ్లు కాదు. లేవకపోవడమే గొప్ప. ఇప్పుడు చెబుతున్నాను, మీ ఆఫీసులో ఇలాంటి సరదా ఆనవాయితీ ఏదైనా ఉంటే దాన్ని జాగ్రత్తగా చూడండి. మనుషుల్ని కాల్చే నిప్పు సగం సార్లు సరదాగానే అంటుకుంటుంది.

సిద్దిపేట కాల్

ఉద్యమం ముదిరేసరికి జిల్లాల నుంచి తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. లాఠీచార్జి అని విన్నారు, అరెస్టులని విన్నారు, పిల్లవాడు హాస్టల్లో ఉన్నాడా లేడా? ఊళ్లో ఫోన్ ఉండదు. పక్క టౌనుకు బస్సెక్కి, పోస్టాఫీసులో ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, లైను కలిసేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్లు. కలిశాక మాకు వినబడే మొదటి మాట "హలో" కాదు, "మా పిలగాడు..."

నాలుగో మాట మాట్లాడకూడదు కదా. హాస్టల్ ఆఫీసుకు కలిపేయాలి. అక్కడ ఎవరూ ఎత్తకపోయినా "ఎంగేజ్డ్" అని తీగ పీకేయాలి. సరోజక్క ఒక రోజు పీకలేకపోయింది. సిద్దిపేట నుంచి మల్లయ్య అనే రైతు. కొడుకు నర్సింహులు ఎమ్మే చదువుతున్నాడు, ఊరేగింపుకు వెళ్లి హాస్టలుకు తిరిగి రాలేదు.

"నేను అరుసుకుంట పెద్దయ్యా. మీరు మళ్ల చెయ్యుండ్రి," అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆయన రోజు విడిచి రోజు ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచే సరోజక్క కుర్చీ దిగడం మానేసింది.

పొద్దుటి డ్యూటీ అయిపోయినా మధ్యాహ్నం డ్యూటీలోనూ కూర్చునేది. అడిగితే "ఇంటికి పోయి ఏం జేయాలె?" అనేది. ఇక్కడొక సంగతి మీకు గట్టిగా చెప్పాలి. మొదటి వారం ఆవిడ అలసిపోయినట్టు లేనే లేదు! మొహం వెలిగిపోయేది. చకచకా తీగలు గుచ్చేది. జోకులేసేది. సుభద్ర గారు మురిసిపోయి, ఇంకో ఆపరేటర్ సెలవు పెడితే ఆ పని కూడా ఆవిడకే ఇచ్చింది. బాగా చేసేవాళ్లకే ఇంకాస్త పని ఇవ్వడం అన్ని ఆఫీసుల్లోనూ జరిగే తప్పు. పైవాళ్లు దాన్ని మెచ్చుకోలు అనుకుంటారు.

రెండో వారం మొదలైంది అసలు సంగతి. ఇంట్లో అత్తగారు పొద్దున్నే ఏదో సణుగుతుంటే సరోజక్క కళ్లు మూసుకుని, కాల్ గడువు తీరగానే ట్రంకు ఎక్స్చేంజి వాళ్లు అన్నట్టే, "త్రీ మినిట్స్ ఓవర్" అందట! తనే చెప్పి నవ్వింది, మేమూ కడుపుబ్బ నవ్వాం. తరువాత ఎవరో లెక్చరర్ మీద అరిచింది. ఆ మర్నాడు ఒక పెద్ద ఆఫీసర్ గారికి రావలసిన కాల్ బదులు హాస్టల్ మెస్ వంటవాడిని కలిపింది. వాడు ఆయన్ని నిలదీశాడట: "ఆలుగడ్డలు ఇంక పంపవేంది సేటూ? పోరగాండ్లు నన్ను తింటరు!"

ఆఫీసర్ గారు నవ్వలేదు. స్వయంగా వచ్చాడు. సరోజక్కది టెంపరరీ ఉద్యోగం. ఇంకొక్క తప్పు జరిగితే ఆవిడను తీసేయమని సుభద్ర గారికి అందరి ముందే చెప్పి వెళ్లాడు. సరోజక్క భర్త పనిచేసే మిల్లు అప్పటికే మూతపడి ఉంది. ఆ ఉద్యోగం పోతే ఆ ఇంటికి ఇంకేమీ లేదు. ఆవిడ మాత్రం అటు తిరగను కూడా తిరగలేదు. సిద్దిపేట కాల్ వస్తే బోర్డు మీద వెలిగే దీపం వైపే చూస్తూ కూర్చుంది.

సెలవు మందు కాదు

సుభద్ర గారు మంచి మనిషి. అందరు మంచి మనుషులూ చేసే తప్పే చేసింది.

"ఏవే సరోజా, మూడ్రోజులు సెలవు రాస్తున్నాను. ఇంటికెళ్లి పడుకో. ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

ఆ మర్నాడు ట్రంక్ కుర్చీలో ఎవరో కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. నేను నా కుర్చీలోనే ఉన్నాను. ఆ అమ్మాయి మంచినీళ్లకు లేచిన క్షణంలో బయటి లైను వెలిగింది. నేనే తీగ పెట్టి "నంబర్ ప్లీజ్" అన్నాను.

"విమలా, నేనే. సిద్దిపేట వచ్చిందా?"

"అక్కా! ఏడికెల్లి మాట్లాడ్తున్నవ్?"

"అంబర్‌పేట్ పోస్టాఫీస్. పెద్దయ్య చేసిండా? ఆ కొత్త పోరి ఏమన్నది ఆయన్ని? పెట్టేసిందా?"

"నువ్వు పండుకోలేదా?"

"పండుకుంటే చెవుల ఒక్కతీరుగ మోగుతున్నదే. జర చెప్పు, వచ్చిందా?"

సెలవులో ఉన్న మనిషి బస్సెక్కి వచ్చి, లైన్లో నిలబడి, సొంత ఎక్స్చేంజికి ఫోన్ చేస్తోంది! వెంటనే నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. మనిషిని ఇంటికి పంపారు. బరువును ఎవరూ దింపలేదు, అది ఆమెతోపాటే గోల్నాక బస్సెక్కి వెళ్లింది. ఇక్కడ ఏం జరుగుతోందో తెలియక అక్కడ ఇంకా బరువెక్కింది. మూడు రోజులూ అయ్యాక తిరిగి వచ్చేసరికి కళ్ల కింద నల్లటి చారలు, గొంతు బొంగురు.

సెలవు ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. ఇవ్వండి. కానీ ముందు ఆ మనిషి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరి చేతిలోకి మార్చండి. ఆ తరువాతే సెలవు సెలవవుతుంది.

"అది నాది"

డ్యూటీ మారేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. లేచేవాళ్లు తీగలు అలాగే ఉంచి, కూర్చోబోయేవాళ్లకు పెండింగ్ చెప్పాలి. "వరంగల్ బుక్కయింది, వెయిటింగ్. నల్గొండ వాళ్లు మళ్లీ పిలుస్తారు." నోటితోనే, గడగడా, ఒక్క నిమిషంలో. దాన్ని నేను రోజూ వింటూనే ఉన్నాను. ఆ రోజు మొదటిసారి ఒక సంగతి తట్టింది: సరోజక్క పెండింగ్‌లో సిద్దిపేట ఎప్పుడూ లేదు! అది బుక్కయిన కాల్ కాదు, వెయిటింగ్ కాదు, బోర్డు మీద దానికి తీగ లేదు. అది ఆవిడ లోపలే ఉంది.

 అసలు ఒకరి ఎదుట నిలబడి ఇది చెయ్యి అని ఎన్నడూ అనలేదు. అయినా వెళ్లి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను.

"అక్కా, లే. పెండింగ్ చెప్పు. ఇయ్యాల్టి సంది మధ్యాహ్నం ట్రంకు నాది."

"నీకు చేతగాదే. ఫో."

"పెండింగ్ చెప్పు."

"ఏం లేవ్."

"సిద్దిపేట?"

ఆవిడ తిరిగి చూసింది. కోపంగా కాదు, ఏదో దొంగతనం పట్టుబడ్డట్టు.

"అది పెండింగ్ గాదు. అది నాది."

"నీదెట్లయితది? నువ్వు లేకుంటే ఆ పెద్దయ్య ఎవలికి చెప్పుకోవాలె? అది ఈ కుర్చీది అక్కా. ఎవలు కూసుంటే వాళ్లది."

నేనే అన్నానా ఆ మాట? నా గొంతు నాకే కొత్తగా వినబడింది!  అప్పుడు సుభద్ర గారు లేచి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా సరోజక్క తల మీంచి హెడ్‌సెట్ తీసి తను పెట్టుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బోర్డు నేను చూస్తాను. మీరిద్దరూ ఆ బల్ల దగ్గర కూర్చుని సాంతం చెప్పుకోండి. ఎంతసేపైనా సరే. అదీ డ్యూటీయే."

నా ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఒక పై అధికారి చేసిన అన్నిటికంటే గొప్ప పని అదే. పెద్ద ఉపన్యాసం లేదు. తను కూర్చుంది, మాకు సమయం ఇచ్చింది, ఆ సమయాన్ని పనిగా లెక్కేసింది.

సరోజక్క చెప్పడం మొదలుపెట్టింది. ముందు పొడిపొడిగా, తరువాత ఆగకుండా. "ఆయన ముందుగాల 'బాగున్నరా బిడ్డా' అంటడు. నువ్వు జవాబియ్యాలె. ఇయ్యకపోతే కొడుకు సంగతి అడగడు, ఊకుంటడు. గట్టిగ మాట్లాడు, చెవు సరిగ్గ వినవడదు. 'లేడు' అనకు. 'ఎతుకుతున్నం' అను. పోలీస్ మాట ఎత్తకు, ఆయనకు దడ. నర్సింహులు నీలం అంగీల పోయిండంట. ఎడమ చెయ్యి మీద పచ్చబొట్టున్నదంట, తల్లి పేరు." చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, సంచి తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మర్చిపోవు గదా?" అంది.

"మర్చిపోను. నువ్వు మర్చిపో."

ఆ మర్నాడు సరోజక్క ఆలస్యంగా వచ్చింది. బాగా నిద్రపట్టి లేవలేకపోయిందట! సుభద్ర గారు కోప్పడబోయి, పకపకా నవ్వేసింది. ఆ వారంలోనే మిర్చి బజ్జీల ఆనవాయితీ తిరగబడింది. టైముకు లేవని వాళ్లే కొనిపెట్టాలని ఆవిడ ఆర్డరేసింది. మొదటి బజ్జీలు సుభద్ర గారే కొనాల్సి వచ్చింది.

నాలుగో మాట

తరువాతి వారం డ్యూటీలు మారాయి. పొద్దున ట్రంకులో నేను, మధ్యాహ్నం సరోజక్క. మల్లయ్య రెండుసార్లు చేశాడు. "బాగున్నరా బిడ్డా" అన్నాడు, "బాగున్న పెద్దయ్యా, మీరు?" అన్నాను. ఒక రైతు క్షేమం అడగడానికి నాకంత ధైర్యం కావలసి వచ్చిందంటే మీరు నమ్మరు.

రెండో కాల్ వచ్చిన మర్నాటి ఉదయం బయటి లైను వెలిగింది. మగ గొంతు, చాలా నెమ్మదిగా.

"మేడం, హాస్టల్ ఆఫీస్ ఇయ్యుండ్రి. నర్సింహులు మాట్లాడ్తున్న అని చెప్పుండ్రి."

 నాలుగో మాట కాదు, నలభై మాటలు ఒక్కసారే బయటపడ్డాయి.

"ఏ నర్సింహులు? సిద్దిపేటనా? మీ బాపు మల్లయ్యనా? నీ ఎడమ చెయ్యి మీద ఏమున్నది?"

 అవతల భయంగా, "మీకెట్ల తెలుసు? మీరు పోలీసులా?"

"కాదు తమ్మీ! ఆపరేటర్‌ను! ఫోన్ పెట్టకు, నీకు దండం పెడ్త, పెట్టకు!"

అంబర్‌పేట్‌లో స్నేహితుడి గదిలో ఉన్నాడు. పరుగెత్తేటప్పుడు పడి కాలు విరిగింది. హాస్టలుకొస్తే పట్టుకుపోతారని భయం. ఉత్తరం రాస్తే ఎవరి చేతిలో పడుతుందోనని భయం. ఇంటికి కబురు చేయమని హాస్టల్ ఆఫీసును బతిమాలుదామని, చివరికి ధైర్యం చేసి కింద మందుల దుకాణంలోంచి మాట్లాడుతున్నాడు. ఆ నంబరు తీసుకుని, మల్లయ్య మళ్లీ ఫోన్ చేసే రోజు రేపే కాబట్టి, పొద్దుటి నుంచి అక్కడే కూర్చోమన్నాను. వెనక్కి తిరిగితే సుభద్ర గారు నా వెనకే నిలబడి ఉంది. రూలు తప్పానని తిడుతుందనుకున్నాను.

"సరోజకు ఇప్పుడే కబురు పంపుదామా మేడం? గోల్నాక ఎంత దూరం!"

"వద్దమ్మా," అంది. "అది నిద్రపోతోంది, పోనీ. నీ డ్యూటీలో వచ్చింది, నువ్వు ముగించు. పెండింగ్ ఉంటే డ్యూటీ మారేటప్పుడు చెబుదువుగాని."

ఆ మధ్యాహ్నం పెండింగ్‌లో చెప్పాను. సరోజక్క కుర్చీని గట్టిగా పట్టుకుని, "నిజమేనా?" అంది. ఇక రేపటి కాల్‌కు తనే కూర్చుంటానంటుందేమో అని భయపడ్డాను. బోర్డు వైపు ఒకసారి చూసి కుర్చీని వదిలేసింది. చివరికి, "రేపు పొద్దుట డ్యూటీ నీదే గదా. నువ్వే కలుపు," అంది. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత బలం కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఆవిడ బాగుపడిందని నాకు రూఢి అయింది అప్పుడే.

మర్నాడు సిద్దిపేట దీపం వెలిగింది.

"బాగున్నరా బిడ్డా."

"బాగున్న పెద్దయ్యా. లైన్ల ఉండుండ్రి. మీ కొడుకును ఇస్తున్న."

 ఆయన ఊపిరి వినబడింది. మందుల దుకాణం లైనును ట్రంకు లైనుకు కలిపాను. "బాపూ" అన్న మాట నా చెవిలో పడింది. అక్కడితో మేం వినే కీ మూయాలి. మూశాను. బోర్డు మీద రెండు దీపాలు పక్కపక్కనే ఉన్నాయి. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. ట్రంకు ఎక్స్చేంజి అమ్మాయి మూడు నిమిషాలు కాగానే తీగ పీకాలి. ఆ రోజు ఎందుకో చాలాసేపు పీకలేదు. ఆ అమ్మాయి ఎవరో గానీ, ఆమెకు దండం.

మధ్యాహ్నం సరోజక్క వచ్చింది. జడలో కనకాంబరాలు. నా వెనక నిలబడి, "పెండింగ్ చెప్పు" అంది.

"వరంగల్ వెయిటింగ్. కరీంనగర్ రెండు. ఒకామె ఖమ్మం నుంచి, బిడ్డ ఉమెన్స్ హాస్టల్ల ఉన్నది, మళ్ల చేస్తది."

"సిద్దిపేట?"

"లేదక్కా. కలిపేసిన."

సరోజక్క నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

"ఏమన్నడు పెద్దయ్య?"

"వినలే. కీ మూసిన."

"మంచిగ చేసినవ్. ఇగ లే."

లేవాలనిపించలేదు! చేతులు వేడిగా ఉన్నాయి, చెవులు మోగుతున్నాయి, ఖమ్మం ఆమె గొంతు నాకే తెలుసు, ఆమెతో ఎలా మాట్లాడాలో నాకే తెలుసు, లోకంలో ఈ పని చేయగలిగింది నేనొక్కదాన్నే అనిపించింది. అలసట అన్నదే లేదు.

"అక్కా, ఇంకొంచెం సేపు నేనే కూసుంట. నాకు మస్తు మంచిగున్నది. ఆ ఖమ్మం ఆమె..."

సరోజక్క వంగి నా మొహంలోకి చూసింది. నవ్వింది.

"చూసినవా, నాకు గూడ గిట్లనే మంచిగుండె."

నా చెవుల మీంచి హెడ్‌సెట్ తీసుకుంది.

"ఖమ్మం ఆమె సంగతి ఇగో గిక్కడ కూసోని చెప్పు. బిడ్డ పేరేంది?"

చెప్పాను. అంతా చెప్పాను. తరువాత సంచి తీసుకుని తార్నాక రోడ్డు మీదికి నడిచాను.